డ్రిల్లు మాస్టారి వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: "మ్యాచి కాదురా, ప్రాక్టీసు చూసి రా. బంతి వంక చూడకు. వాళ్ళ మాస్టారికి ముందే చెప్పి వెళ్ళు. రాగానే మన పిల్లల మీద పడకు."

అవతారిక: ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయ పదవిని క్రొత్తగా అలంకరించి, వాలీబాలు జట్టును తీర్చిదిద్దు భారమును తలకెత్తుకొని, మెడలోని ఈల తప్ప వేఱొక సాధనమెఱుగక దిక్కులు చూచుచున్న యువకునికి, ఉద్యోగవిరమణకు సమీపించిన డ్రిల్లు మాస్టారు వేపచెట్టు క్రింద ఉపదేశించిన వాక్యచతుష్టయమిది. గ్రంథము స్వల్పము, అర్థము గంభీరము. వ్యాఖ్యాత దొరకని లోపము చేతనే దీనికి ఇంతకాలము ప్రఖ్యాతి రాలేదు.

ప్రతిపదార్థము: మ్యాచి = పందెము; కాదు = వలదు; ప్రాక్టీసు = అభ్యాసమును; చూసి = కన్నులార గాంచి; రా = రమ్ము. తక్కినది సుబోధము. సుబోధమైనచోటనే వ్యాఖ్యాతకు పని యెక్కువ.

తాత్పర్యము: నాయనా! పొరుగు జట్టు వారు గెలుచుటకై ఆడువేళ గాక, నేర్చుటకై ఆడువేళ, వారి గురువు అనుమతితో అచట కూర్చుండి, ఎల్లరును చూచునది విడిచి, ఎవ్వరును చూడనిది చూచి, తిరిగి వచ్చిన పిమ్మట కొంచెము ఓపిక పట్టుము.

విశేషములు: మ్యాచి యనునది వడ్డించిన విస్తరి, పొయ్యి దగ్గఱి సంగతి దాని వలన తెలియదు. అందు కోచికి చిక్కునది సెట్టునకు రెండు విరామములు, ఒక్కొక్కటి 30 సెకండ్లు. ఆ నిమిషములో నేర్పునదేమున్నది? మంచినీళ్ళ సీసా అందించుటకే అది చాలదు.

"బంతి వంక చూడకు" అనునది ఈ గ్రంథమునకు ప్రాణము. ఇందు పూర్వపక్షము: బంతిని చూడకున్న వాలీబాలులో చూడదగినదేమి? సమాధానము: 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు గల కోర్టులో బంతి ఒక్కచోటనే యుండును, తక్కిన పదకొండుగురును బంతి లేనిచోట ఏమి చేయుచున్నారో అదియే శిక్షకుని చేతిపని. షాటు కొట్టువాడు గాలిలోనికి లేచినపుడు, పామరుల కన్నులు వాని చేతిపై నిలువగా, ఎఱిగినవాడు వాని చుట్టును మోకాళ్ళు వంచి, చేతులు ముందుకు చాచి, బ్లాకునకు తగిలి తిరిగివచ్చు బంతికై పొంచియున్న ముగ్గురిని చూచును. ఆ ముగ్గురు పిలువకయే వచ్చి నిలిచిరేని అచట కోచింగు కలదు. మాస్టారు "కవరు, కవరు" అని అఱచిన పిమ్మట వచ్చిరేని, గొంతు మాత్రమే కలదు.

వరుసలను గూడ చూడవలెను. ఒక్క బంతికి పదిమంది కాచుకొనిన వరుసలో, పిల్లవాడు ఒక దెబ్బ కొట్టి, నడుముపై చేతులుంచి, తక్కిన తొమ్మిదిమంది దెబ్బలను తీరికగా తిలకించును. దూరమునుండి చూచువానికి అదియు ముచ్చటగనే తోచును. కాబట్టి డ్రిల్లుల పేర్లు వ్రాసికొనుటకంటె, ఒక్కొక్కడు బంతిని ఎన్నిసార్లు ముట్టెనో గీతలు గీసికొనుట మేలు.

ఉదాహరణము జపాను దేశపుది. కైజుకాలోని నిచిబో వస్త్ర పరిశ్రమ స్త్రీల జట్టునకు గురువైన దైమాత్సు హిరోబుమి ఎడతెగక బంతులు విసరుచుండగా, క్రీడాకారిణులు నేలబడి దొర్లుట చూచిన జనులు ఆయనను దయ్యమనిరి. వారు చూచినది పడుటను. పడుచునే బంతిని పైకి లేపి, ఆ దొర్లుటలోనే మఱల పాదములపై నిలిచి తరువాతి బంతికి సిద్ధమగుట అందలి కిటుకు. పడద్రోసినను లేచి నిలుచు బొమ్మ దానికి ప్రేరణమందురు. వాలీబాలు తొలిసారి ఒలింపిక్సులో చేరిన 1964లో టోక్యోలో ఆ జట్టువారే ప్రధానముగా గల జపాను స్త్రీలు స్వర్ణము గెలిచినది ఆ లేచుట చేతనే.

మూడవ వాక్యము మర్యాదకు సంబంధించినది. చాటునుండి చూచువానికి సగము కోర్టే కనబడును, చెప్పి వెళ్ళినవానికి కుర్చీ, టీ, "ఇది ఎందుకు చేయించితిరి?" అని అడుగు చనవు లభించును. దైమాత్సు 1965లో చైనా ప్రధాని చౌ ఎన్ లై ఆహ్వానముపై ఆ దేశమునకేగి అచటివారికి తన పద్ధతి నేర్పెను. విద్య దాచిననే నిలుచుననువారు దీనికేమందురో!

నాల్గవది లోకానుభవము. చూచి వచ్చిన క్రొత్తవాడు మఱునాటి తెల్లవారుజామున డ్రిల్లులన్నియు ఒక్కసారి కురిపించును. పొరుగువారు ఆజానుబాహులు; మనవారిలో 2.43 మీటర్ల నెట్టుపై చేయి చూపగలవారు ఇద్దఱే. వారి ఎత్తు బంతుల షాటును దిగుమతి చేసినచో లాభము నెట్టునకే. కవరింగు తెచ్చుకొనవచ్చును; దానికి పొడవు అక్కఱలేదు.

పాఠాంతరము: "పిల్లల మీద పడకు" అనుటకు "పిల్లలకు చెప్పకు" అని కొందఱు చదివెదరు. ఆ పాఠము గ్రాహ్యము కాదు; ఏలయన పిల్లలు అంతకు ముందే పొరుగువారి ప్రహరీ ఎక్కి ఆ ప్రాక్టీసు ఎన్నోసార్లు చూచియున్నారు.