ట్యులిప్పుల సోమవారం

మొన్న శివరాత్రికి మా ఇంట్లో ముగ్గురం జాగారం చేశాం. మా ఆవిడ ఝరాసంగం వెళ్లి కేతకీ సంగమేశ్వరుడి దర్శనం చేసుకొచ్చి, ఉపవాసంతో టీవీ ముందు కూర్చుంది. నేను కుర్చీలో కూర్చుని కునుకు తీస్తూ జాగారం చేశాను. ఏటా నా పద్ధతి అదే. నిజంగా కన్ను మూయనిది డిగ్రీ చదివే మా అమ్మాయి ఒక్కతే. చుట్టూ 36 బ్రష్ పెన్నులు పరుచుకుని, నేల మీద బోర్లా పడుకుని, చుక్కల కాగితాల నోటుబుక్కులో తెల్లవార్లూ ‘వచ్చే వారం’ గీసింది.

రాసింది అనడం లేదు, గీసింది అంటున్నాను. తేడా పొద్దున్నే తెలిసింది.

రెండు పేజీల నిండా వారం పరుచుకుని ఉంది. సోమవారం నెత్తిన గులాబీ రంగు ట్యులిప్పు. మంగళవారం మీద సీతాకోకచిలుక. బుధవారం పక్కన ఒక గొడుగు, దాని కింద రబ్బరు బూట్లు. ఆ గొడుగు అంచు పొడుగైపోయి గురువారాన్ని సగం మింగేసింది. శుక్రవారం కొమ్మ మీద ఎర్ర రొమ్ము పిట్ట ఒకటి. అలాంటిది మా ఊళ్లో ఏ చెట్టు మీదా వాలగా నేను చూడలేదు. శని, ఆదివారాలకు కలిపి ఒకటే అర. పైన వంకీలు తిరిగిన అక్షరాలతో ‘హలో స్ప్రింగ్’. ఇంత తోటలో ఓ మూలన, చీమ తలకాయంత అక్షరాలతో ‘స్టాటిస్టిక్స్, యూనిట్ 3’.

“మంచిగుందా డాడీ?”

“మస్తుంది బిడ్డా. యూనిట్ త్రీ అయిందా మరి?”

“ఇంకా లేదు. వాషి టేప్ అంటించేది ఉంది. అది అయినంక మొదలు పెడ్త.”

దీన్ని వాళ్ల భాషలో ‘వీక్లీ స్ప్రెడ్’ అంటారట. జహీరాబాద్‌లో నాకు తెలిసి స్ప్రెడ్ అయ్యేవి రెండే, పుకారూ జ్వరమూ. ఇది మూడోది. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంటారు. ఓ అమ్మాయి చేతులు మాత్రం కనిపిస్తాయి, వెనక పియానో మోగుతుంటుంది, 20 నిమిషాల్లో ఓ వారం పూత పూస్తుంది. ఆ వారంలో ఆ చేతులు ఏం పని చేశాయో చూపించే వీడియో మాత్రం ఇంతవరకు నా కంటపడలేదు. బహుశా వచ్చే వారం గీస్తూ ఉండి ఉంటాయి.

ముందు ఈ ‘స్ప్రింగ్’ సంగతి తేల్చాలి. శివరాత్రి అంటే మాఘ మాసం. మాఘ, ఫాల్గుణాలు శిశిరం. ఆకులు రాలే కాలం. వసంతం చైత్రంతో వస్తుంది, 2026లో ఉగాది మార్చి 19న. అంటే మా అమ్మాయి వసంతానికి నెల ముందే హలో చెప్పేసింది. ఫిబ్రవరిలో గొడుగూ బూట్లూ వేసుకుని తడిసే వసంతం ఎక్కడో ఉంటుంది, కాదనను. అక్కడ మంచు కరుగుతుంది, మట్టిలోంచి ట్యులిప్పు తల ఎత్తుతుంది, చూసిన వాడికి బొమ్మ గీయబుద్ధవుతుంది. న్యాయమే. మాకు ఈ రోజుల్లో కరిగేది ఐస్‌క్రీమ్ ఒక్కటే. శివరాత్రితో చలి శివ శివా అని పోతుంది, హోళీకల్లా సీలింగ్ ఫ్యాను దుమ్ము దులపాలి.

పోనీ పూలే కావాలంటే మాకు కరువా? ఊరు దాటితే చెలక గట్ల మీద మోదుగ చెట్లు ఆకంతా రాల్చి, ఒళ్లంతా నిప్పంటుకున్నట్టు పూస్తాయి. వాటిని ఉడకబెట్టి హోళీ రంగు తీసే వాళ్లం. మామిడి పూత వాసన వీధి మలుపు నుంచే తెలుస్తుంది. ఇవేవీ చుక్కల నోటుబుక్కులోకి ఎక్కవు. శివుడు పూజకు పనికిరాదని శపించిన మొగలిపువ్వుని ఝరాసంగం స్వామి నెత్తిన పెట్టుకున్నాడు. ఆయన క్షేత్రానికి పేరే కేతకి. అంత పెద్ద మనసున్న దేవుడు పక్కనే ఉన్నా, మా అమ్మాయి మోదుగపువ్వుకి ఓ మంగళవారం కూడా ఇవ్వలేకపోయింది. “అది ఈస్తెటిక్ కాదు డాడీ” అంది.

ఈ విద్యకు మూలపురుషుడు ఎవరా అని వెతికాను. న్యూయార్క్‌లోని రైడర్ క్యారల్ అనే డిజైనర్. చిన్నప్పటి నుంచీ ఏకాగ్రత కుదరని ఇబ్బంది ఉంటే, తన కోసం తాను ఓ పద్ధతి కట్టుకున్నాడు. 2013లో దాన్ని లోకానికి చూపించాడు, 2018లో పుస్తకం రాశాడు. ఆ పద్ధతిలో ఏమున్నాయో తెలుసా? ఒక నోటుబుక్కు, ఒక పెన్ను. చేయాల్సిన పనికి చుక్క. అయిపోతే ఆ చుక్క మీదే ఇంటూ మార్కు. జరగబోయే కార్యక్రమానికి సున్నా. గుర్తుంచుకోవాల్సిన మాటకి చిన్న గీత. అంతే! మా వీధి చివరి కిరాణా సేఠ్ ఉద్దెర ఖాతా ఇంతకన్నా రంగులమయంగా ఉంటుంది, దానికి కనీసం ఎర్ర గుడ్డ అట్టయినా ఉంది.

ఏకాగ్రత కుదరని మనిషి చేతికర్రలా చేసుకున్న దాన్ని తీసుకొచ్చి, దానికి పూలు చుట్టి, గంటలు కట్టి, రిబ్బన్లు వేసి, ఇక దాని ఊతంతో నడవడం మానేసి దాన్నే ఊరేగిస్తున్నాం.

ఆ రిబ్బన్ల కథ ఇంకా బాగుంటుంది. మా అమ్మాయి ఆన్‌లైన్‌లో తెప్పించిన రంగుల వాషి టేపుకి పుట్టిల్లు జపాన్‌లోని కురాషికి పట్టణం. అక్కడి కామొయి అనే కంపెనీ 1923లో దేనితో మొదలైందో తెలుసా? ఈగలను పట్టే జిగురు కాగితంతో. తర్వాత రంగులు వేసే పనివాళ్ల కోసం మాస్కింగ్ టేపు చేసింది. 2006లో ముగ్గురు మహిళలు ఆ టేపు మీద మోజుతో ఫ్యాక్టరీ చూస్తామని అడిగారు. వాళ్ల మాటతో అలంకరణ టేపు పుట్టింది. ఈగల నుంచి కళాభిమానుల దాకా ఎదిగింది, మంచిదే. కానీ మా అమ్మాయి ఆదివారం రాత్రి నుంచి సోమవారం మధ్యాహ్నం దాకా ఆ రెండు పేజీలకు అంటుకుని కదలకపోవడం చూస్తే, కంపెనీ పాత సరుకును పూర్తిగా మానేయలేదనిపించింది.

అమ్మాయిని అంటున్నానని మీరు నన్ను గొప్పవాణ్ణి అనుకోకండి. మా తరం కూడా తక్కువేమీ తినలేదు. టెన్త్‌లో టైంటేబుల్ గీయని వాడెవడు? డ్రాయింగ్ షీటు కొనడానికి ఓ సాయంత్రం, స్కెచ్ పెన్నులు అడుక్కురావడానికి ఇంకో సాయంత్రం. ‘తెల్లవారుజామున 4.00: లేచుట. 4.00 నుంచి 4.10: కాలకృత్యములు. 4.10: లెక్కలు.’ ఆ టైంటేబుల్‌ని అన్నం మెతుకులతో గోడకి అంటించి, దాన్ని అంత అందంగా గీసిన అలసటకి మర్నాడు 8 దాకా పడుకున్నాం. గోడ మీద మాత్రం ఆ 4.00 పరీక్షలు అయ్యేదాకా మెరుస్తూనే ఉంది.

ఇక ఉద్యోగంలో చేరాక ప్రతి జనవరికీ ఉచిత డైరీలు. బీమా ఏజెంటు ఇచ్చిందొకటి, ఎరువుల దుకాణం ఇచ్చిందొకటి. నా అలమరలో 14 ఉన్నాయి. ఒక్కోటి తెరిస్తే మొదటి పేజీలో నా పేరు, రక్తం గ్రూపు, చొక్కా సైజు, చెప్పుల నంబరు ఎంతో శ్రద్ధగా నింపి ఉంటాయి. జనవరి 1న ‘నేటి నుండి వాకింగ్’. జనవరి 2న ‘వాకింగ్’. జనవరి 3న ‘జలుబు’. ఆ తర్వాత తెల్ల కాగితం, డిసెంబరు దాకా. ఆ పేజీల్లోనే మా ఆవిడ కొత్తిమీర చుట్టి ఫ్రిజ్‌లో పెడుతుంది. ఆ డైరీలతో జరిగిన పని ఏదైనా ఉందంటే అదొక్కటే.

రోగం ఒక్కటే, తరాన్ని బట్టి రంగులు పెరిగాయి. పని గురించి రాసుకుంటే పని చేసినంత తృప్తి వస్తుంది. దానికి పూలు గీస్తే చేసిన దానికన్నా ఎక్కువ వస్తుంది. చేయకుండానే అంత తృప్తి దొరుకుతుంటే ఇక చేసేదెవరు?

ఆ రెండు పేజీలు తిప్పితే ట్రాకర్లని ఇంకో వింత ఉంది. నీళ్ల ట్రాకర్: రోజుకి 8 గ్లాసులు బొమ్మగీసి, తాగినప్పుడల్లా ఒకదానికి నీలం రంగు నింపాలి. మా గల్లీలో ఆడవాళ్లకు నీళ్ల ట్రాకర్ అంటే నల్లా ఎప్పుడొస్తుందని చెవి బయట వేసి పడుకోవడం. వాళ్లు నింపేది బిందెలు. మూడ్ ట్రాకర్: ఈరోజు సంతోషమైతే పసుపు, దిగులైతే బూడిద రంగు. దీన్ని కనిపెట్టామని ఎవరైనా అంటే వాళ్ల చేతిలో ఓ పంచాంగం పెట్టండి. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. 12 రాశులకీ ఏడాది మొత్తానికీ అంకెలు ముందే నింపి ఇస్తారు. మనం దిగులుపడే శ్రమ కూడా మిగిల్చరు. పైగా 2026 ఉగాదితో మొదలయ్యే సంవత్సరం పేరు పరాభవ. 60 ఏళ్లకొకసారి వచ్చే ఈ నిజాయతీని ఏ ప్లానరూ అట్ట మీద అచ్చువేసుకోదు.

అన్నిటికంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చిన మాట ‘మైగ్రేషన్’. ఈ వారం అవ్వని పనికి పక్కన బాణం గుర్తు వేసి వచ్చే వారానికి తోసేయడం. బాణం వేశాక అది బాకీ అనిపించదు, పద్ధతి అనిపిస్తుంది. మా ఊరి మీదుగా ముంబయి హైవే పోతుంది. వానలు తప్పిన ఏడు, పని లేని నెలల్లో, ఆ రోడ్డు మీద మనుషులే బాణం గుర్తుల్లా అటో ఇటో పోయేవాళ్లు. వలస అంటే మాకు అదే తెలుసు. మా ఇంట్లో వలస పోతున్నది మాత్రం యూనిట్ 3. అది జనవరిలో బయలుదేరింది. మంచు బొమ్మల వారం దాటి, గుండె బొమ్మల వారం దాటి, ఇప్పుడు ట్యులిప్పుల వారంలో దిగింది. ఇంకా ఊరు చేరలేదు.

రాసుకోకుండానే పని నడిపేవాళ్లు మా పక్కనే ఉన్నారు. ఇదే మండలంలో పస్తాపూర్ ఉంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడిదే. చుట్టుపక్కల ఊళ్ల దళిత మహిళల సంఘాలు దాని బలం. ఎకరం చెలకలో 20 దాకా పంటలు కలిపి వేసే ఆడవాళ్లు వీళ్లలో ఉన్నారు. జొన్న ఎప్పుడు కోయాలి, కుసుమ ముళ్లు గుచ్చుకోకుండా ఏ పొద్దులో చేయి పెట్టాలి, ఏ విత్తనం ఏ కార్తెకి తీయాలి, అంతా నోటి లెక్కే. కార్తెలు 27, ఒక్కొక్కటి 13, 14 రోజులు. వాళ్ల ‘స్ప్రెడ్’ అది. విత్తనాలకు బూడిద, వేపాకు కలిపి బుట్టలో పోసి మూత మీద మట్టి మెత్తుతారు. వాళ్ల వాషి టేపు అది. సంక్రాంతికి ఎడ్ల బండ్లు అలంకరించి, ఆ విత్తనాలతో నెల రోజులు ఊరూరా పాత పంటల జాతర నడుపుతారు. అలంకారం అక్కడా ఉంది, చూడండి. కాకపోతే పంట ఇంటికొచ్చాక బండి కడతారు, విత్తకముందు కాదు. వాళ్లలో చాలామంది బడి మొహం చూడలేదు. అయినా మాచ్‌నూర్‌లో 2008 నుంచి సొంత రేడియో నడుపుతున్నారు. రేడియోకి టైం అంటే టైమే. ఏడింటికి రావాల్సిన కార్యక్రమాన్ని వచ్చే వారానికి బాణం వేసి తోసేస్తే విన్నవాళ్లు ఊరుకుంటారా?

వాళ్లను చూపించి మా అమ్మాయిని తిట్టడం నాకు తేలికే. నేను మాత్రం ఆ చెలకలో ఏనాడు దిగాను గనక? అందుకే ఆ ఉపదేశం ఆపేసి, మా వంటింటి గోడ చూపిస్తాను.

అక్కడ మేకుకి ఓ కాలెండర్ వేలాడుతోంది, దారంతో కట్టిన పెన్సిల్ ముక్కతో. నూనె మరకలు, ఓ మూల పసుపు వేలిముద్ర. తేదీల పక్కన మా ఆవిడ గుర్తులు. ఇంటూ మార్కుంటే ఆ రోజు పాలు పోయించుకోలేదని. ‘గ్యా’ అంటే సిలిండర్ మార్చిన రోజు. సున్నా చుడితే చిట్టీ పాట. రైడర్ క్యారల్ గారి ఇంటూ, సున్నా ఆయన పుట్టకముందు నుంచీ మన గోడల మీద ఉన్నాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు పాపం. ఈ కాలెండర్‌లో ఆదివారానికి సగం అర కాదు, నిండు గడి ఇచ్చారు. ఇచ్చినా చాలదు. చుట్టాలు వచ్చేది ఆదివారమే, దుప్పట్లు ఉతికేది ఆదివారమే. శని, ఆదివారాలను ఒకే అరలో కుక్కిన వాడు ఎవడో, వాడింట్లో వంట వేరెవరో చేస్తూ ఉండాలి.

ఆ సోమవారం గడిలో ‘చింత’ అని రెండక్షరాలు ఉన్నాయి. దిగులేమో అనుకున్నాను. కాదు, చింతపండు. మధ్యాహ్నం గోనె సంచి విప్పి, బొడ్డెలు కొట్టి, గింజ తీసి, ఈనెలు లాగి, ఉప్పు కలిపి, సాయంత్రం దీపం పెట్టే వేళకి జాడీకి ఎత్తి మూతి కట్టేసింది. ఏడాది పులుసుకి ఢోకా లేదు. ఆ గడి మీద పువ్వు లేదు, పిట్ట లేదు. లోపల అమ్మాయి ఇంకా ట్యులిప్పు కాడకి ఆకుపచ్చ సరిపోలేదని రెండో పూత వేస్తోంది.

“ఏందే గా బొమ్మలు, ఇటొచ్చి నాలుగు గింజలు తియ్యరాదూ” అని వాళ్లమ్మ పిలిచింది.

“బేస్తారం నాడు తీస్తనమ్మా, ఇగో రాసుకుంటున్న” అంది అమ్మాయి. గురువారంలో గొడుగు అంచు కింద జాగా లేదు. బాణం గుర్తు వేసింది.

కాబట్టి నా మనవి ఇంతే. ఈ వారం మీరు చేసి తీరాల్సిన పని ఒకటి ఉంటుంది, అదేమిటో మీకు తెలుసు. గోడ మీది కాలెండర్‌లో రెండక్షరాలు రాసుకోండి. పెన్సిల్ కనబడకపోతే మాత్రం వెతకొద్దు. ఆ వెతికే లోపు పని అయిపోతుంది.