ఆగ్ బావ

మా బావ మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, కిందికి వెళ్లేకొద్దీ చెప్పే వీలు దొరక్కపోవచ్చు. మేనత్త కొడుకు, అక్క మొగుడు. రాజమండ్రిలో పాలిటెక్నిక్ కుర్రాళ్లకి ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాడు. సిగరెట్టు లేదు, పేకాట లేదు, ఒకరికి పైసా బాకీ లేదు. ఉన్న జబ్బు ఒక్కటే. ఎక్కడైనా పాట వినిపిస్తే ఎవరు పాడారని అడగడు, ఏ ఫార్మాట్ అని అడుగుతాడు.

ప్రతి కుటుంబానికీ ఇలాంటివాడు ఒకడు రాసిపెట్టి ఉంటాడు. ఒకరింట్లో ఉప్పు మానేసినవాడు, ఇంకొకరింట్లో ఏ నొప్పికైనా హోమియో గుళికలు తీసేవాడు. మా వంతుకి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వచ్చింది.

బావ కంప్యూటర్లో ఉన్నది లినక్స్. అలా అంటే ఊరుకోడు, గ్నూ/లినక్స్ అనాలి. మధ్యలో గీత కూడా పలకాలా మావయ్యా అని మా అబ్బాయి ఒకసారి అడిగాడు. పలికితే మంచిదే అన్నాడు బావ. వెటకారం అతని మీద పడి జారిపోతుంది, తామరాకు మీద నీళ్లలా.

వాళ్ల హాల్లో తాతగారి ఫొటో పక్కన ఇంకో పటం ఉంది. పొడుగు జుట్టు, గుబురు గడ్డం, నల్లటి అంగీ, తల చుట్టూ గుండ్రంగా మెరిసే వలయం. రిచర్డ్ స్టాల్‌మన్. 1983లో గ్నూ ప్రాజెక్టు మొదలుపెట్టిన మనిషి. సరదాకి సెయింట్ ఇగ్న్యూషియస్ అని వేషం కట్టి, పాత కంప్యూటర్ డిస్కు పళ్లెం నెత్తిన పెట్టుకుని తీయించుకున్న ఫొటో అది. ఈ సంగతి మా అత్తయ్యకి తెలియదు. గురువారం గురువారం ఆ పటానికి మందారప్పువ్వు పెడుతుంది. బావ దేవుణ్ణి నమ్మడు గానీ ఆ పువ్వు తీయడు.

వచ్చినవాళ్లకి కాఫీ ఇచ్చేలోపే ప్రింటరు కథ మొదలవుతుంది. ఎంఐటీ ప్రయోగశాలలో కొత్త ప్రింటరు పెట్టారట, కాగితం ఇరుక్కుంటోందట, దాని ప్రోగ్రాము ఇస్తే బాగుచేసుకుంటానని స్టాల్‌మన్ అడిగాడట, ఇవ్వనన్నారట. అంతే కథ. మనకైతే కాగితం లాగి పారేసి మళ్లీ నొక్కడం తెలుసు. ఆ మనిషి మాత్రం ఆ కోపంతో ఒక ఉద్యమమే లేవదీశాడు. ఈ కథ నేను నిశ్చితార్థంలో విన్నాను, ఊయలలో వేసినప్పుడు విన్నాను, ఒక పెద్దకర్మ భోజనాల్లో కూడా విన్నాను. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ప్రింటరు ఇంకా ఇరుక్కునే ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం బావ తెలుగువాడిగా పుట్టినందుకు పొంగిపోతాడు. ఇంగ్లీషులో ఫ్రీ అన్న ఒక్క మాటకే రెండర్థాలు, డబ్బు పుచ్చుకోకపోవడం ఒకటి, కట్టుబాటు లేకపోవడం ఒకటి. పాపం స్టాల్‌మన్ నలభై ఏళ్లుగా రెండోది, రెండోది అని మొత్తుకుంటున్నాడు. "అదే మన దగ్గర చూడు, ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఆయన తెనాల్లో పుట్టుంటే ఈ గొడవే ఉండేది కాదు" అంటాడు బావ. తెలుగులో లినక్స్ తెచ్చిన హైదరాబాదు సంస్థకి స్వేచ్ఛ అనే పేరుండటం అందుకే అతనికి చెప్పలేనంత గర్వం. అక్క మాత్రం, "ఏదైతేనేం, డబ్బులు కట్టక్కర్లేదు కదా" అంటుంది. ఆ పూట బావ భోంచెయ్యడు.

ఇక అసలు కథకి వస్తాను. నా గృహప్రవేశం.

ముహూర్తం తెల్లవారుజామున నాలుగున్నరకి. పాటల సంగతి నాకొదిలెయ్ అన్నాడు బావ. వదిలేశాను. అది నా తప్పే. పెన్‌డ్రైవ్ తెచ్చి మైక్‌సెట్ కుర్రాడి చేతిలో పెట్టాడు. వాడు గుచ్చాడు, తీశాడు, చొక్కాకి తుడిచాడు, మళ్లీ గుచ్చాడు.

"ఇందులో ఏం లేదండి. నో ఫైల్ అంటంది."

"నాలుగొందల పన్నెండు పాటలున్నాయి. ఆగ్."

కుర్రాడు వైరు వదిలేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఆగానండి. చెప్పండి."

"నువ్వు కాదయ్యా. ఫైలు ఆగ్."

"అదెప్పుడో ఆగిపోయిందండి."

ఇంకొకరైతే అక్కడితో వదిలేసి వేరే దారి చూసేవారు. బావ కుర్చీ లాక్కున్నాడు. షామియానా కింద, ట్యూబులైటు వెలుగులో, ఇంకా పళ్లు తోముకోని ఆ కుర్రాడికి 1998 సెప్టెంబరు నుంచి చెప్పుకొచ్చాడు. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ అనే సంస్థ ఎంపీ3 ఎన్‌కోడర్లు రాసేవాళ్లకి పేటెంట్ రుసుము కట్టమని ఉత్తరాలు రాసిందని, దాంతో క్రిస్ మాంట్‌గోమరీ అనే ఆయన ఎవరి అనుమతీ అక్కర్లేని ఫార్మాట్ కోసం పట్టుదలగా కూర్చున్నాడని, 2002 జూలైలో ఆగ్ వోర్బిస్ మొదటి వెర్షన్ వచ్చిందని. ఆగ్ అన్నది నెట్రెక్ అనే పాత కంప్యూటర్ ఆటలోంచి వచ్చిన మాట. ముందూ వెనకా చూసుకోకుండా శత్రువు మీదికి దూకెయ్యడమని దానర్థం. వోర్బిస్ ఏమో టెర్రీ ప్రాచెట్ నవలలో ఒక పాత్ర. కుర్రాడు అన్నిటికీ అవునండి, అవునండి అంటున్నాడు. నేను దూకాల్సిన శత్రువు ఎవరా అని చూసుకుంటున్నాను.

ఈలోపు ఆవు గుమ్మం దాటింది, దూడ దాటింది, పాలు పొంగాయి. సుప్రభాతం మాత్రం లేవలేదు. చివరికి కుర్రాడు తన మెమరీ కార్డులో ఉన్నవి పెట్టాడు. అవి ఎంపీ3లు, శుభ్రంగా మోగాయి. వైశాఖమాసంలో, ఇంటిల్లిపాదీ పట్టుబట్టల్లో ఉండగా, మైకులో అయ్యప్ప భజనలు. ఇప్పటికీ ఆ వీధిలో మమ్మల్ని మాలవేసుకునేవాళ్ల ఇల్లు అంటారు.

బావ బాధపడ్డాడు అనుకుంటున్నారా? బాధపడ్డాడు. ఆ యాంప్లిఫయర్ చేసినవాడి గురించి.

అతని చెవి గురించి కూడా చెప్పాలి. ఎంపీ3 అయితే తాళాల శబ్దం ఇసకలో రాసినట్టు వినిపిస్తుందట. ఫ్లాక్ అనే ఫార్మాట్ అయితే ఒక్క నలుసు పోదట. ఫ్లాక్ కుదించినా ఏమీ పారేయదు, నిజమే. సీడీలో పాటని సగానికో, సగంకన్నా కాస్త ఎక్కువకో మడతపెట్టి, మళ్లీ విప్పితే యథాతథంగా ఇస్తుంది. కానీ ఆ తేడా తన చెవికి తెలుస్తుందంటేనే మా మేనల్లుడికి, అంటే అతని సొంత కొడుక్కి, నమ్మకం కుదరలేదు. ఒక ఆదివారం తండ్రి కళ్లకి తువ్వాలు కట్టి ఒకే పాటని పదిసార్లు, ఒకసారి అదీ ఒకసారి ఇదీ వినిపించాడు. నాలుగుసార్లు సరిగ్గా చెప్పాడు. బొమ్మాబొరుసూ వేసినా అయిదు వచ్చేవి. స్పీకర్లలో లోపం అని తేల్చాడు బావ. ఆ పరీక్ష జరుగుతుండగానే వంటింట్లో కుక్కరు ఆరు కూతలు కూసింది. కట్టెయ్యాల్సిన పని అతనిదే. పప్పు అడుగంటింది. ఆ ఆరూ మాత్రం అతని చెవిన పడలేదు.

2017 ఏప్రిల్ 23న ఎంపీ3 లైసెన్సుల వ్యవహారం ముగిసిపోయింది. పేటెంట్ల కాలం తీరిపోయింది. ఇక ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చు. నేను సంబరంగా ఫోన్ చేశాను. "అయితే ఏమంటావ్?" అన్నాడు బావ పొడిగా. ముప్ఫై ఏళ్లు కోర్టులో నడిచిన గట్టుతగాదా రాజీ అయిపోతే రైతు మొహం ఎలా ఉంటుందో, ఆ రోజు అతని గొంతు అలా ఉంది.

కాపీరైట్ అతని రెండో పంట. 2018 జనవరి 1న పొద్దున్నే ఆరింటికి ఫోన్ చేసి శుభాకాంక్షలు అన్నాడు. కొత్త సంవత్సరానికి కాబోలు అనుకున్నాను. కాదట. మాయాబజార్ పాటల రికార్డింగులకి విముక్తి వచ్చిందట. మన చట్టం ప్రకారం రికార్డింగు విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు. సినిమా 1957లో వచ్చింది.

"అయితే ఇప్పుడు ఆ పాటలు అందరివీనా?"

"రికార్డింగు వరకే. మాటలు పింగళి నాగేంద్రరావు గారివి. ఆయన 1971లో పోయారు. రచయిత పోయాక 60 ఏళ్లు. 2031 చివరిదాకా ఆగాలి. ఘంటసాల గారి బాణీలకి 2034."

వెనకనుంచి అక్క గొంతు వినిపించింది. "ఇంతకీ పాడుకోవచ్చా, కూడదా?"

"స్నానాలగదిలో పాడుకో. చట్టం అక్కడిదాకా రాదు."

ఆ అరవై మొదట యాభై అట. రవీంద్రనాథ్ టాగూరు 1941లో పోయారు కాబట్టి 1991తో ఆయన రచనల మీద విశ్వభారతి హక్కు తీరిపోవాలి. అది తీరిపోకూడదని చట్టం మార్చి 1992లో ఇంకో పదేళ్లు కలిపారు. "ఒక్క మహాకవిని కాపాడాలని దేశంలో కవులందరికీ తాళం వేశారు" అంటాడు బావ. అలాగని అతనికి చట్టమంటే చేదు కాదు. పెళ్లిళ్ల సీజన్లో 52వ సెక్షన్ నాలిక మీద ఆడుతుంటుంది. పెళ్లి ఊరేగింపులో, పెళ్లి సంబరాల్లో పాటలు వాయిస్తే ఉల్లంఘన కాదని అందులో ఉంది. బ్యాండుమేళం వాళ్లని ఆపి మరీ ఈ శుభవార్త చెప్తాడు. వాళ్లు సంతోషించి ఈనాం అడుగుతారు.

నకలు దొంగతనం కాదన్నది అతని మూలమంత్రం. "నీ అరటిపండు నేను తింటే నీకు లేదు. నీ పాట నేను దించుకుంటే నీ పాట నీ దగ్గరే ఉంది. ఇందులో దొంగ ఎవడు?" నా దగ్గర జవాబు లేక కాదు, ఉంది. ఆ పాట రాసినవాడు అరటిపండు కొనుక్కోవాలి కదా అని. కానీ ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. కాలేజీ రోజుల్లో కేసెట్ల కొట్టుకెళ్లి, చీటీ మీద పదహారు పాటలు రాసిచ్చి, అరవై నిమిషాల ఖాళీ కేసెట్ మీద ఎక్కించుకున్నవాణ్ణి. తర్వాత సెల్‌ఫోన్ల షాపులో మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించుకున్నవాణ్ణి. ఏనాడూ ఏ గీతరచయిత ఆకలీ నాకు గుర్తు రాలేదు. నా ఆకలే గుర్తొచ్చింది, అదీ నిరుడు. ఒక పత్రికలో వచ్చిన నా వ్యాసం పేరు ఎగిరిపోయి వాట్సాప్‌లో ఊరేగి ఊరేగి మా పిన్ని దగ్గర్నుంచి నాకే చేరింది. "చదవరా, ఎవరో మహానుభావుడు. నువ్వూ ఇలా రాయడం నేర్చుకో."

మండిపడుతూ బావకి ఫోన్ చేశాను. ఇప్పుడు చెప్పు, ఇది అరటిపండా, పాటా?

"పంచుకున్నందుకు నేనేమీ అనను. పేరు కోసేసినందుకు మాత్రం అది దొంగతనమే. 57వ సెక్షన్ చూడు, రచయిత పేరు రచయితదే." కాసేపాగి అన్నాడు, "మా గ్నూ వాళ్ల లైసెన్సు, జీపీఎల్, నిలబడిందీ కాపీరైట్ మీదేరా. అది లేకపోతే, తీసుకున్నవాడు తిరిగి అందరికీ ఇవ్వాలన్న షరతు పెట్టడానికి మాకు చేతిలో కర్రే ఉండదు." ముప్ఫై ఏళ్లలో అతని నోట కాపీరైట్ గురించి ఒక మంచిమాట అదే వినడం.

ఇక్కడ నా సంగతొకటి ఒప్పుకోవాలి. 2001లో నా మొదటి వ్యాసాలన్నీ ఒక డీటీపీ సెంటర్లో కొట్టించాను. అప్పటి ఫాంట్లకి ఎవరి పద్ధతి వారిది. తెలుగు అక్షరాల బొమ్మల్ని ఇంగ్లీషు అక్షరాల సంకేతాల్లో దాచేవి. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకి చోటుంది గానీ మా డీటీపీ సెంటర్ దాకా ఆ కబురు రాలేదు. పదిహేనేళ్ల తర్వాత ఆ సీడీ తెరిస్తే, ఇంగ్లీషు అక్షరాలూ డాలరు గుర్తులూ కలిసి వడ్లు ఆరబోసినట్టున్నాయి. ఆ ఫాంటూ లేదు, ఆ సెంటరూ లేదు. అక్కడ ఇప్పుడు బిర్యానీ పాయింట్ ఉంది.

బావ మూడు రాత్రులు కూర్చున్నాడు. ఏ గుర్తు ఏ అక్షరమో పట్టిక వేసుకుని, చిన్న ప్రోగ్రాము రాసి, నా వత్తులన్నిటినీ ఒక్కొక్కటిగా ఇంటికి చేర్చాడు. క్ష మాత్రం ఇప్పటికీ అక్కడక్కడ తప్పిపోతూనే ఉంటుంది. ఉపన్యాసం ఇస్తాడేమోనని కాచుకు కూర్చున్నాను. ఇవ్వలేదు. ఫైలు చేతికిచ్చి, "బాగానే రాసేవాడివి అప్పట్లో" అన్నాడు. అప్పట్లో అట!

అప్పట్నుంచి నాకూ ఆ జబ్బు అంటుకుంది. మొన్న ఒక కుర్ర రచయిత్రి పాత ఫాంటులో కథ పంపితే, పాపం ఫోన్ చేసి ఇరవై నిమిషాలు వాయించాను. అవతల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు, ముప్ఫై ఏళ్లుగా నేను బావకి ఇస్తున్నదే.

బావ వాట్సాప్‌లో లేడు. దాని సోర్స్ కోడ్ చూపించరు కాబట్టి ముట్టుకోడు. అక్క ఉంది, రోజుకి పది వాయిస్ మెసేజ్‌లు పంపుతుంది. అందులో ఎనిమిది బావ మీద ఫిర్యాదులు. ఆ మధ్య ఒకటి దాచుకుందామని చూస్తే ఫైలు పేరు చివర ఓపస్ అని ఉంది. వెతికితే తెలిసింది. ఓపస్ అంటే ఆగ్ వాళ్ల జిఫ్ సంస్థా, స్కైప్ వాళ్లూ తెచ్చిన పద్ధతుల్ని కలిపి చేసినది. 2012లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. అందులో మాటని చుట్టిపెట్టే డబ్బా ఏమిటంటే, ఆగ్! అంటే మా అత్తయ్య ఆవకాయ కొలతలూ, పిన్ని ఆశీర్వచనాలూ, బావ మీద అక్క వేసే నిందలూ అన్నీ బావ కలగన్న ఫార్మాట్‌లోనే ఊరూరా తిరుగుతున్నాయి.

పరుగున ఫోన్ చేసి చెప్పాను. నువ్వు గెలిచావు బావా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. కళ్లు తుడుచుకుంటున్నాడేమో అనుకున్నాను.

"ఆ యాప్ సోర్స్ కోడ్ ఇచ్చారా?"

"ఇవ్వలేదు."

"మరి ఫోనెందుకు చేశావ్?"

వచ్చే నెల మేనల్లుడి నిశ్చితార్థం, రాజమండ్రిలోనే. పాటల బాధ్యత బావదేనని పెళ్లికొడుకు స్వయంగా ప్రకటించాడు, వద్దనలేకపోయాం. పోయినసారి వచ్చిన మైక్‌సెట్ కుర్రాణ్ణి అడిగితే, "ఆగ్ సార్ వస్తున్నారాండి? అయితే ఆ రోజు మాకు ఖాళీ లేదండి" అన్నాడు. కాబట్టి ఉభయగోదావరి జిల్లాల పాఠకులకి ఒక మనవి. ఆగ్ ఫైళ్లు మోగించగల మైక్‌సెట్ మీ ఎరికలో ఉంటే పత్రిక ద్వారా కబురు చెయ్యండి. వాళ్లు ఉచితంగా రానక్కర్లేదు, అడిగినంతా ఇచ్చుకుంటాం.