నీటికి వెఱచు లోహము

నల్లరేగడిలో ప్రత్తిగింజ నాటి ఆకసమువంక చూచు రైతుల నడుమ, ఒక్క వాన చినుకునకు వెఱచి బ్రదుకు లోహమును నేను. గుంటూరు సీమలోని యొక పాఠశాల ప్రయోగశాలలో, గాజుసీసాలో, కిరసనాయిలు అడుగున పడియున్న సోడియం ముక్కను.

1807వ సంవత్సరము అక్టోబరు మాసమున లండనులో హంఫ్రీ డేవీ కరగిన కాస్టిక్ సోడాలోనికి విద్యుత్తును పంపి మా జాతిని వెలికి దీసెను. నా యగ్రజుడు పొటాషియం కొలది దినములకు ముందే వెలువడినాడు. అంతకుమునుపును మేము లేకపోలేదు. చినగంజాము ఉప్పుమడులలో మెఱయు ప్రతి కల్లులోను, పండుమిరపకాయల పచ్చడిలో పడు ప్రతి పిడికెడు ఉప్పులోను మావారు క్లోరినుతో కూడి శాంతముగా కాపురము చేయుచునే యున్నారు. వారు తమ ఎలక్ట్రాను నొకదానిని మునుపే వదలుకొనిరి గనుక నీట కరగుదురే గాని మండరు. నేను దాని నింకను మోయుచున్నవాడను. నీరు తగిలిన క్షణమున విడువక తీరదు.

ఏడాదికొక దినము మాత్రము నాది. మాస్టారు నన్ను పటకారుతో వెలికి దీసి, అద్దుడుకాగితముతో కిరసనాయిలు నొత్తి, చాకుతో కోసెదరు. కోసిన ముఖము వెండివలె తళుక్కుమని, పిల్లలు చూచుచుండగనే మసకబారును. శనగగింజకన్న చిన్నదగు తునకను తొట్టినీటిపై విడువగానే, 98 డిగ్రీలకే కరగు స్వభావము గలది గనుక తన వేడికి తానే ముత్యమై, నీటికంటె తేలికయగుటచే మునుగక, హైడ్రోజనును చిమ్ముచు, బుసకొట్టుచు, ఇటునటు పరుగులిడి మాయమగును. ముందుగా కలిపిన ఫినాఫ్తలీను ఆ దారివెంట గులాబిచారల నల్లును. అప్పుడు వెనుకబెంచీ పిల్లలును లేచి నిలిచెదరు.

ఆ మాస్టారు బదిలీయైన పిదప నన్ను తలచినవారు లేరు. కళ్లాలలో మిరపకాయలు గలగలలాడునంత యెండకు, బిరడా వదులైన నా సీసాలో కిరసనాయిలు దినదినము తరిగిపోయినది; మిగిలినదాని నెవరో దీపములోనికి వంచుకొనిరి. గాలిలోని చెమ్మ తాకి నాపై తెల్లనిపొర కట్టగా, బొగ్గుపులుసు వాయువు దానిని చాకలిసోడాగా మార్చినది. వెండివంటి నేను గోడనుండి రాలిన సున్నపుపెళ్ళవలె నున్నాను. పనికిరానిదని పంపుక్రింది తొట్టిలో పారవేయుదమని యొకరు, చెత్తబుట్టలో వేయుదమని మఱొకరు ననుకొనగా వింటిని. అయ్యో, చిన్నతునకకు ఆటయైనది ఇంత ముక్కకు ఆటయగునా? హైడ్రోజను భగ్గుమని అంటుకొని, కరగిన లోహము పసిపిల్లల కన్నులలో చిందదా? నన్ను కాచుటకు గిద్దెడు కిరసనాయిలు చాలునే!

నేడు నైఋతిమూల మబ్బు పట్టినది. ఊరంతయు సంతోషముతో అరకలు సవరించుకొనుచున్నది. పైకప్పు పెంకుల సందునుండి నిరుటి తడిచార గోడవెంట దిగివచ్చి, సరిగా నా సీసా యున్న గూటికడ నాగియున్నది.