సగంపూట సాంతోరిని

ఏజియన్ సముద్రమున నున్న సాంతోరిని ద్వీపమును తీర్చిదిద్దుటకు అగ్నిపర్వతమునకు లక్షల సంవత్సరములు పట్టెను. దానిని చూచుటకు మనకు సగంపూట చాలునట! ఓడ దిగి, తన కొక్కనికే కారును గైడును కుదుర్చుకొని, రొక్కమిచ్చి ఏకాంతమును కొనుక్కొన్న యాత్రికుడు, సుమారు 3,600 యేండ్ల క్రిందట బూడిదలో పూడిపోయి, 1967లో స్పిరిడాన్ మారినాటోస్ మొదలిడిన త్రవ్వకములతో వెలుగు చూచిన అక్రోతిరి పట్టణమును, ఒక చేత నీళ్ల సీసాయు నొక చేత సెల్‌ఫోనును బట్టుకొని అరగంటలో చుట్టివచ్చి, ఆ మీదట ఇయా గ్రామమున నీలిగుమ్మటపు గుడి యెదుట ఫోటోకై గంటసేపు వరుసలో నిలువబడును. ఆ వరుసలోని వారందఱును ఏకాంతమును కొనుక్కొన్నవారే!

అక్రోతిరి శిథిలములలో నరకంకాళములు దొరకలేదు గనుక, పురజనులు విపత్తును ముందే పసిగట్టి పలాయనము చిత్తగించిరని పండితులు తలంతురు. నేటి యాత్రికుడును పరుగెత్తుచునే యున్నాడు. అయితే అగ్నిపర్వతమునకు వెఱచి కాదు, రేవులోని ఓడ కూతకు వెఱచి.

క్షేత్రమున మూడు నిద్రలు చేయవలెనని మన పెద్దలనెడివారు. ఇప్పుడు కన్ను మూయుటకే కాదు, తెఱచుటకును తీరిక లేదు. ఆ పని సెల్‌ఫోనున కప్పగించితిమి గదా!