హుండీ లేని కొండకు దారేది?

మహారాజశ్రీ కాలిబాటల శాఖ మంత్రివర్యుల దివ్యసముఖమునకు,

విషయం: హుండీ లేని కొండలకు కూడా పిల్లలూ పెద్దలూ నడిచే దారి ఇప్పించవలసిందని కోరుతూ.

అయ్యా,

తమ శాఖ ఇంకా పుట్టలేదని నాకు తెలుసు. రోడ్లకు మంత్రిగారున్నారు, రేవులకున్నారు, విమానాలకున్నారు. రెండు కాళ్ల మీద నడిచేవాడి గోడు వినడానికే ఎవరూ లేరు. ఏదో ఒక మంత్రివర్గ విస్తరణలో, పంచడానికి ఇంకేమీ మిగలని రోజున, అలకపాన్పు ఎక్కిన నాయకుడెవరికో ఈ శాఖ దక్కకపోదు. ఆ మహానుభావులు తమరే. కుర్చీలో కూర్చోగానే కంటపడేలా నా అర్జీ ముందే పెట్టి ఉంచుతున్నాను.

మాది విశాఖపట్నం. చలి మొదలైతే చాలు, ఈ ఊరి కార్లన్నీ శృంగవరపుకోట మీదుగా అరకు దారి పడతాయి. ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లలు వాంతులు చేసుకుంటారు, పెద్దవాళ్లు నిమ్మకాయ వాసన చూస్తారు. డముకు దగ్గర దిగి ఫొటో, గాలికొండ దగ్గర దిగి ఫొటో, బొర్రా గుహలు, పద్మాపురం తోట, బొంగు చికెన్, రైతు చేతిలో చిల్లర పెట్టి వలిసె పూల చేలో మరో ఫొటో. సాయంత్రానికి దిగిపోతాం. కొండల్లో తిరిగొచ్చామని నెల రోజులు చెప్పుకుంటాం గానీ, తిరిగింది కారు. మన పాదాలు నడిచింది పార్కింగు నుంచి టీకొట్టు దాకా.

పోనీ రైల్లో వెళ్దామంటే అదింకా అందం. 1960లలో బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి కొత్తవలస నుంచి కిరండూల్‌కు ఆ లైను వేశారు. 58 సొరంగాలు తొలిచారు. 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను కట్టారు. బ్రాడ్‌గేజి స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినదని చాలాకాలం చెప్పుకున్నారు. 2017లో ఆ దారిన అరకు వెళ్లే రైలుకు అద్దాల పెట్టె కూడా తగిలించారు. కూర్చున్నచోటు నుంచి కదలకుండా కొండను చూడొచ్చు. తప్పు పట్టడం లేదు, నేనూ ఎక్కాను, బాగుంది. కాకపోతే మట్టి కోసం, ఇనుము కోసం ఇన్ని కొండలు తొలచగలిగిన మనకు, ఏడేళ్ల పిల్ల చెయ్యి పట్టుకుని ఒక గంట నడిచి రావడానికి నమ్మకమైన దారి ఒక్కటి చూపించడం ఎందుకు చేతకాలేదో తమరే విచారించాలి.

తెలుగువాళ్లకు నడక పడదని తమ కార్యదర్శులు ఫైలు మీద రాయవచ్చు. నమ్మకండి. మా అమ్మకు రెండు మోకాళ్లూ నొప్పులే. మేడమీద ఆరేసిన బట్టలు తేవడానికి మనవణ్ణి పంపుతుంది. అదే మనిషి అలిపిరిలో చెప్పులు విప్పి, 3,550 మెట్లూ ‘గోవిందా’ అంటూ ఎక్కేసింది. మోకాళ్ల పర్వతం దగ్గర నేను కూలబడితే, లేవమని కసిరింది కూడా. శ్రీవారి మెట్టు దారిలో అయితే 2,388 మెట్లేనని చెబితే, తక్కువ ఎక్కితే తక్కువ పుణ్యమేమోనని అనుమానపడింది. మా ఊరి సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ చూడండి. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు లక్షల మంది నడుస్తారు. నెత్తిన వాన, కాలికింద తారు. చంకలో పిల్లలు. దారి పొడుగునా మజ్జిగ, పులిహోర ఇచ్చేవాళ్లు, కాళ్లకు మందు రాసేవాళ్లు. ప్రపంచంలో ఇంత పెద్ద కుటుంబ నడక ఇంకెక్కడైనా ఉంటే తమ విదేశీ పర్యటనలో చూసి వచ్చి చెప్పండి.

అలిపిరి దారిలో ఏమున్నాయో గమనించారా? తలమీద కప్పు, తాగడానికి నీళ్లు, అడుగడుగునా కూర్చోవడానికి చోటు, మరుగుదొడ్లు. మన మూట కింద అప్పగిస్తే పైన డబ్బు తీసుకోకుండా తిరిగి ఇస్తారు. 2023 ఆగస్టులో ఆ దారిలోనే చిరుత ఒక పసిపిల్లను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత పన్నెండేళ్ల లోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటాక నడవనివ్వకూడదని నిబంధన పెట్టారు, గుంపులుగా పంపారు, చేతికి కర్రలిచ్చారు. కర్రకు చిరుత భయపడుతుందా అని జనం నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ దారి బాగోగులు చూసేవాడు ఒకడున్నాడని, జవాబు చెప్పవలసినవాడు ఉన్నాడని అనిపించింది. కొండ ఎక్కే కుటుంబానికి కావలసింది అదే.

ఇప్పుడు హుండీ లేని కొండకు రండి. పాడేరు దగ్గర వంజంగి ఉంది. మేఘాల కొండ అని పేరు పడింది. చలికాలంలో తెల్లవారుజామున చీకట్లోనే కుర్రాళ్లు సెల్‌ఫోన్ వెలుగులో ఎక్కుతారు. పైకి చేరి, పాలసముద్రంలా పరుచుకున్న పొగమంచు మీద సూర్యుడు లేవడం చూసి కేకలు పెడతారు. కన్నులపండుగే, కాదనను. కానీ మా అమ్మకూ, మా చిన్నదానికీ ఆ చీకట్లో ఆ రాళ్లదారి చూపించే ధైర్యం నాకు లేదు. మధ్యలో ఆడవాళ్లు పక్కకు వెళ్లాలంటే పొదలే గతి. దిగేటప్పుడు వెలుగు వస్తుంది కనుక, ఎక్కేటప్పుడు చీకట్లో కనబడని చిప్స్ పొట్లాలూ నీళ్ల సీసాలూ అప్పుడు కనబడతాయి. చాపరాయి సంగతీ అంతే. చూస్తే పిల్లలు జారుడుబల్ల ఆడుకునే బండలా ఉంటుంది, మీద నీళ్లు పల్చగా పారుతుంటాయి. పాచి ఎక్కడుందో, లోతు ఎక్కడ మొదలవుతుందో స్థానికుడికే తెలుసు. ఆ స్థానికుణ్ణి జీతమిచ్చి అక్కడ నిలబెట్టడం మాత్రం బోర్డు పాతినంత తేలిక కాదనుకుంటాను.

మంచి జరిగిన చోటు కూడా చెప్పాలి. సుంకరమెట్ట దగ్గర కాఫీతోటలో చెక్కవంతెన వేశారు. సిల్వర్ ఓక్ చెట్ల నీడ, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. చంటిపిల్ల తల్లి నడవగలదు, తాతగారు నడవగలరు. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిన అరకు కాఫీ పండు ఎర్రగా ఎలా ఉంటుందో పిల్లలు చెట్టు మీదే చూడగలరు. ఇంత చిన్న పని ఇంతమందిని కారు దింపింది. ఇది చూసి తమ శాఖవారికి ఉత్సాహం వచ్చి, ప్రతి కొండకూ ఒక అద్దాల వంతెన ప్రతిపాదిస్తారేమోనని భయం. దయచేసి వద్దు. కైలాసగిరి మీద ఒకటి ఉంది, చాలు. లోయను కాళ్లకింద నుంచి చూపిస్తే గుండె కొట్టుకుంటుంది, కాళ్లు నడవవు.

కొత్తగా దారులు వెయ్యమని కూడా నేను అడగడం లేదు. మన్యంలో దారులకు కొదవలేదు. గూడెం నుంచి సంతకు, సంత నుంచి పోడుకు, పోడు నుంచి ఊటకు తరతరాలుగా నడిచి నడిచి పడిన బాటలున్నాయి. ఎక్కడ వాలు తక్కువో, ఏ మలుపులో నీడ ఉంటుందో, ఎక్కడ బరువు దించి నిలబడొచ్చో లెక్క చూసుకుని పడిన బాటలవి. ఏ ఇంజనీరూ అంత ఓపికగా సర్వే చెయ్యలేడు. నెత్తిన గంపతో సంతకు పోయే ఆడమనిషి వెనక నడిస్తే, మన ట్రెక్కింగు బూట్ల ఖరీదు తలుచుకుని సిగ్గేస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది, దాన్ని దాటవేస్తే ఈ లేఖ చెత్తబుట్టకే తగినది. మనం సరదాకు అడిగే బాట మీదే గూడెంవాళ్లు నిండు గర్భిణిని డోలీ కట్టి మోస్తున్నారు. అంబులెన్సు ఆగిన చోటి దాకా కొండలు దిగి, వాగులు దాటి. ‘కాలిబాట ఎంత అందంగా ఉందో’ అని మనం ఫొటో తీసుకునే చోట, ‘రోడ్డు ఎప్పుడేస్తారు బాబూ’ అని వాళ్లు అడుగుతారు. 2025లో ‘అడవి తల్లి బాట’ పేరుతో గూడేలకు రోడ్లు వేసే పని మొదలైంది. అది ముందు పూర్తవ్వాలి. తమ దగ్గర ఒక్కటే సంతకానికి సిరా మిగిలితే, దాన్ని గూడెం రోడ్డు మీద ఖర్చు పెట్టండి. మా విహారం ఆగుతుంది. రోడ్డు పడ్డాక ఖాళీ అయ్యే పాతబాట ఉంటుంది చూడండి, దాన్ని వదిలేయకుండా కాపాడమన్నదే నా అర్జీ.

ఆ బాట మీద వచ్చే నాలుగు రూపాయలూ ఎవరివన్నది రెండో సంగతి. అనంతగిరి మండలంలోని బొర్రా పంచాయతీ గనుల తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1997లో ‘సమత’ తీర్పు అయింది. షెడ్యూల్డు ప్రాంతపు నేలను ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం కుదరదని తేల్చింది. గని తవ్వినా, గుడారం వేసినా నేల ఎవరిదన్న ప్రశ్న ఒకటే. కాబట్టి టెండరు పిలిచి, నగరం నుంచి ఒక కాంట్రాక్టరును తెచ్చి గేటు పెట్టకండి. మారేడుమిల్లి దగ్గర వలమూరువాళ్లు వన సంరక్షణ సమితి పేరుతో ‘జంగిల్ స్టార్’ విడిది నడిపారు. అలా చెయ్యవచ్చు. అసలు టోలుగేటు ఎలా ఉండాలో చైత్రమాసంలో ఇటుకల పండగ రోజుల్లో వెళ్లి చూడండి. ఆడవాళ్లు దారికడ్డంగా కర్ర పెట్టి పాట పాడి చిల్లర అడుగుతారు. అంత సంతోషంగా నేను ఏ హైవే మీదా డబ్బు కట్టలేదు.

బోర్డుల గురించి ఒక మాట. ‘2.4 కి.మీ.’ అని రాసి ఊరుకుంటే ప్రయోజనం లేదు. కొండ మీద కిలోమీటరు మనిషిని బట్టి సాగుతుంది. సంతకు బరువు మోసే మనిషికి ఎంతసేపు, చంటిపిల్ల తల్లికి ఎంతసేపు, మోకాళ్ల నొప్పుల పెద్దావిడకు ఎంతసేపు అని మూడు వరసలుగా రాయించండి. వానాకాలంలో జలగలుంటాయని, ఏ మలుపు దాటాక ఫోను పనిచెయ్యదో, వెనక్కి తిరగాల్సిన వేళ ఏదో రాయించండి. మొదట్లోనూ చివర్లోనూ నీళ్లతో సహా మరుగుదొడ్డి ఉండాలి. నీళ్లు లేని మరుగుదొడ్డికి ప్రారంభోత్సవం చెయ్యకండి. మెట్లకు సిమెంటు పొయ్యకండి. దారికి ఏ నాయకుడి పేరూ వద్దు, గూడెం పేరు చాలు.

మొన్న మన్యంలో ఒక కొండ కింద నిలబడి, పైకి నడుద్దామని మా అమ్మను అడిగాను.

“పైన ఏముంది?” అంది.

“ఏమీ లేదమ్మా, కొండే.”

“ఏమీ లేనిదానికి ఎక్కడమెందుకురా?”

పక్కనే ఉన్న గూడెం ఆవిడ ఆ మాటకు నొచ్చుకుంది. “దేవత లేదని ఎవరు చెప్పారమ్మా? మా కొండకు ఉంది” అంది. మన్యంలో దేవత లేని కొండ ఉండదు. ఆ దేవతలకు లేనిది హుండీయే. అందుకే వాళ్ల దాకా కప్పు వేసిన దారి రాలేదు, నీళ్ల కుళాయి రాలేదు.

కనుక తమకు గౌరవపూర్వకంగా ఒక హెచ్చరిక. శాఖ పుట్టడం మరీ ఆలస్యమైతే, గూడెంవాళ్లను ఒప్పించి ఆ దేవత ముందు ఒక ఇనప హుండీ బిగిస్తాం. తాళంచెవి గ్రామసభ దగ్గర ఉంటుంది. మన రాష్ట్రంలో హుండీ వెలిసిన కొండకు ఏం జరుగుతుందో తమకు చెప్పక్కర్లేదు. మొదట కరెంటు స్తంభం వస్తుంది, తర్వాత మెట్లు, ఆ తర్వాత తమరే కుటుంబ సమేతంగా వస్తారు.

ఇట్లు,
తమ విధేయుడు,
కారు దిగిన ఒక గృహస్థు

తా.క.: ప్రారంభోత్సవానికి తమరు తప్పక రావాలి. కాన్వాయ్ కింద సంత దగ్గరే ఆగుతుంది, హెలిప్యాడ్ ఉండదు. అక్కడి నుంచి పైకి మంత్రులకు ఎంతసేపు పడుతుందో బోర్డు మీద నాలుగో వరసగా రాయిస్తాం. ముందు తమరు ఒకసారి నడిచి చూపిస్తే, ఆ అంకె వేస్తాం.