నన్ను వేలం వేయండి

నేను ట్రాలీని. నాలుగు చక్రాల చిన్న సరుకుల బండిని. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి మోయడం నా పని. పరకాల చుట్టుపక్కల పల్లెల్లో కోడి కూయకముందే బస్తాలెత్తుకుని, గూడెప్పాడు దగ్గర పెద్దరోడ్డెక్కి, ఆరెపల్లి దాటి, మార్కెట్ గేటు ముందు వరుసలో నిలబడేదాన్ని. తేజ మిర్చి ఎక్కినరోజు ఘాటుకు హమాలీలు మూతికి రుమాలు కట్టుకునేవాళ్లు. ఎర్రగా, బొద్దుగా ఉండే చపాటా మిర్చి బస్తాలంటే మాత్రం అందరికీ ముద్దు. 2025లో దానికి వరంగల్ పేరుతోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాయను నా వీపు మీద మోశానని ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

నా యజమానే నా డ్రైవరు. నన్ను ఫైనాన్సులో తీసుకున్నాడు. కిస్తీలు నడిచినన్నాళ్లూ ఏటా ఇన్సూరెన్స్ కట్టాడు, ఎందుకంటే ఫైనాన్స్ వాళ్లు పాలసీ కాపీ చూపించమని వెంటపడేవాళ్లు. కిస్తీలు తీరాయి. ఆ తర్వాత అడిగేవాళ్లు లేరు. వానాకాలంలో లోడ్లు లేక ఇంటి ముందు నిలబడ్డ నెలల్లోనే నా పాలసీ గడువు దాటింది. "సీజన్ రానీ, కట్టేద్దాం" అన్నాడు ఇంటావిడతో. సీజన్ వచ్చింది. టైర్లు మార్చాడు, బిడ్డ కాలేజీ ఫీజు కట్టాడు, పాలసీ సంగతి ఎత్తలేదు.

పాలసీ ఎందుకు కట్టలేదో ఆ లెక్క మీకూ తెలియాలి. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండికి కేంద్ర ప్రభుత్వం 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 16,049 రూపాయలు. ఏడున్నర టన్నుల లారీ, నేనూ ఒకే వరుసలో కడతాం. పాలసీ లేకుండా పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ ప్రకారం జరిమానా మొదటిసారి 2,000, రెండోసారి 4,000. మూడు నెలల దాకా జైలు అనే మాట కూడా అక్కడ ఉంది. మావాడి చెవికి మాత్రం 2,000 ఒక్కటే వినిపించింది. కట్టడం కంటే దొరికిపోవడమే చవక అయినప్పుడు పేదవాడు ఏ దారి పడతాడో చట్టం రాసినవాళ్లు ముందే ఊహించాల్సింది. దేశంలో రోడ్డు మీద తిరిగే బండ్లలో సగానికి పైగా బీమా లేనివే.

2025 మిర్చి సీజన్ నడిమధ్య ఒక రాత్రి సరుకు దించి ఖాళీగా తిరిగొస్తున్నాం. మావాడికి వరుసగా రెండు రాత్రులు నిద్ర లేదు. ఆరెపల్లి దాటాక అతని కన్ను మూతపడింది. ముందు టీవీఎస్ మీద పోతున్న మనిషిని నేను వెనక నుంచి గుద్దాను. పొద్దంతా మార్కెట్లో బస్తాలు మోసి ఇంటికి పోతున్న హమాలీ అతను. మావాడు పారిపోలేదు. 108కి ఫోన్ చేసి, అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎంజీఎం ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది.

మర్నాడు పంచనామా జరిగింది. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ వచ్చి నా బ్రేకులు, స్టీరింగు చూసి బాగానే ఉన్నాయని రాశాడు. తప్పు నా ఇనుములో లేదు. అప్పటి నుంచి పోలీస్ స్టేషన్ ఆవరణలో, తుప్పు పట్టిన బైకుల పక్కన, వేపచెట్టు కింద ఉన్నాను. ఈ చెట్టు కిందికే చనిపోయిన మనిషి చుట్టాలు వస్తారు, వకీళ్లు వస్తారు, మావాడి అన్నదమ్ములూ వస్తారు. అందరి వాదనా నా పక్కనే నడుస్తుంది.

"ఇన్సూరెన్స్ లేకుంట బండి రోడ్డెక్కించిండంటే సంపినట్టే సారూ. పదేండ్లు లోపటెయ్యాలె" అన్నాడు చనిపోయిన మనిషి బామ్మర్ది. ఆ కోపం న్యాయమైనదే. ఆ ఏడాది జనవరి 26న మామునూరు దగ్గర వరంగల్–ఖమ్మం రోడ్డు మీద లారీలోని ఇనుము ఆటోల మీద పడి ఏడుగురు పోయారు. అలాంటివి వరసగా చూసినవాళ్లకు కఠిన శిక్ష తప్ప ఇంకేం తడుతుంది?

పక్కనే కూర్చున్న ముసలి తల్లి మాత్రం ఇంకో మాట అంది. "వాడు లోపట గూసుంటే మనింట్ల పొయ్యి అంటుకుంటదా బిడ్డా? పిల్లగాండ్లను జూడు."

ఈ రెండు మాటల మధ్యే అసలు విషయం ఉంది.

నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పాత శిక్షాస్మృతిలోని 304ఎ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు ఉండేది. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) దాన్ని ఐదేళ్లు చేసింది. గుద్ది, పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్లు అని 106(2) ఉంది కానీ, దాన్ని ఇంకా అమల్లోకి తేలేదు. దాని మీదే 2024 జనవరి మొదట్లో దేశమంతా లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. డీజిల్ కోసం బంకు ముందు బారులో నేనూ నిలబడ్డాను. అప్పుడు డ్రైవర్లందరి నోటా జైలు ఏళ్ల లెక్కే. చనిపోయినవాడి ఇంటికి డబ్బు ఎట్లా చేరుతుందని ఆ బారులో ఎవరూ అడగలేదు.

వకీలు నా బానెట్ మీద కాగితం పెట్టి వేసిన లెక్క చెబుతాను. హమాలీ వయసు ముప్పై నాలుగు. నెలకు 15,000 సంపాదన అనుకుంటే ఏడాదికి 1,80,000. వయసు నలభై లోపు కాబట్టి సుప్రీంకోర్టు 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 2,52,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడ్డారు కనుక సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. ఆ వయసుకు కోర్టులు వాడే గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు. పాలసీ ఉంటే కంపెనీ కట్టేది. లైసెన్సులో లోపం లాంటిది ఉన్నా చాలాసార్లు కోర్టులు ముందు కంపెనీతో కట్టించి, ఆ తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంటాయి. పాలసీయే లేకపోతే ఆ అంకె మావాడి మీద పడుతుంది. అతనికున్నది రెండు రేకుల గదులు, నేను. మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్ అవార్డు ఇస్తుంది. దాన్ని అమలు చేయించుకోవడానికి ఆ ఇల్లాలు, మిరప తోటల్లో కాయ ఏరే కూలీ మానుకుని, ఏళ్లతరబడి హన్మకొండ అదాలత్‌కు తిరగాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఇది. గుద్దిన బండి ఏదో తెలియకపోతే మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద మృతుడి కుటుంబానికి 2 లక్షలు ఇస్తుంది. 2022 ఏప్రిల్ 1కి ముందు అది 25,000 మాత్రమే. నేనెవరో తెలుసు, నా నంబరు తెలుసు, మావాడు పారిపోలేదు. అందుకని ఆ కుటుంబానికి ఆ 2 లక్షలు కూడా రావు. నిజాయితీగా నిలబడ్డందుకు నష్టం విధవరాలికి!

బ్రిటన్‌లో బీమా లేకుండా నడిపి ప్రాణం తీస్తే దానికంటూ వేరే నేరం ఉంది, రెండేళ్ల దాకా జైలు. దానికి తోడు బీమా కంపెనీలన్నీ డబ్బు వేసుకుని 1946లో పెట్టిన సంస్థ ఒకటి ఉంది. బీమా లేని బండి గుద్దినా అది బాధితులకు పరిహారం కట్టి, తర్వాత గుద్దినవాడి వెంట పడుతుంది. శిక్ష, పరిహారం ఒకదానికోసం ఒకటి ఆగవు.

మన దగ్గర సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో ఉషాదేవి కేసులో ఒక దారి చూపింది. బీమా లేని బండి ప్రమాదం చేస్తే, యజమాని తగిన హామీ ఇచ్చేదాకా దాన్ని వదలొద్దు. ఇవ్వకపోతే మూడు నెలల తర్వాత మేజిస్ట్రేటు వేలం వేయించి, ఆ డబ్బును క్లెయిమ్స్ ట్రిబ్యునల్లో జమ చేయాలి. ఢిల్లీ నియమాల్లో ముందే ఉన్న ఈ పద్ధతిని అన్ని రాష్ట్రాలూ పెట్టుకోవాలంది. నేను ఈ చెట్టు కింద ఉండగా మూడు నెలలు దాటిపోయాయి. నా బ్యాటరీ చచ్చింది. ఒక్కో వానకు నా ధర పడిపోతోంది. ఈ పడిపోయే ధర మావాడిది కాదు, ఆ పిల్లలది.

నేను అమ్ముడుపోతే రెండు లక్షలు రావడం కూడా కష్టమే. ముప్పై లక్షల ముందు అదెంత? అయినా ఆ ఇంటికి ముందుగా చేరగలిగింది అదే. మావాడిని శిక్షించండి, వద్దనను. మనిషి చచ్చాక కూడా బీమా లేనందుకు 2,000 జరిమానా అంటే అది చనిపోయినవాడికి అవమానం. ఆ నేరానికి విడిగా జైలు రాయండి. సరుకు బండ్ల జరిమానాను ప్రీమియం కంటే పెంచండి, చిన్న ట్రాలీల ప్రీమియాన్ని లారీల నుంచి విడదీయండి. బీమా లేని బండి గుద్ది చనిపోయినవాళ్ల కుటుంబానికి ప్రభుత్వ నిధి నుంచి ముందు పరిహారమిచ్చి, వసూలు చేసుకునే పని ప్రభుత్వమే నెత్తిన పెట్టుకోవాలి. ఎంత జైలు పడినా ఇవి లేకపోతే ఆ ముసలితల్లి ప్రశ్నకు జవాబు రాదు.

అయ్యా మేజిస్ట్రేటు గారూ, నన్ను త్వరగా వేలం వేయించండి. ఇది చదువుతున్న అన్నలారా, అక్కలారా, ఈ పూటే మీ బండి పాలసీ తీసి గడువు తేదీ చూసుకోండి.