సౌండు రాని ఫైలు

రాజోలు అవతల మా దొడ్డమ్మగారింట్లో టీవీ కిందున్న డీవీడీ ప్లేయర్ మస్కట్ నుంచి వచ్చింది. గల్ఫ్ నుంచి సెలవుకొచ్చే కోనసీమ మనుషుల పెట్టెల్లో సెంటు సీసాలు, టైగర్ బామ్‌తో పాటు ఏదో ఒక ఎలక్ట్రానిక్ సామాను ఉండాల్సిందే. ఆవిడ మరిదిగారబ్బాయి దాన్ని అలా మోసుకొచ్చాడు. డీవీడీలు తయారుచేసేవాళ్ళు ప్రపంచాన్ని ముక్కలు చేసి నంబర్లిచ్చారు. గల్ఫ్‌ది 2, మనది 5. అందుకని ఇక్కడ కొన్న కొన్ని డిస్కులు పెడితే అది మొండికేసేది. ముందు వైపు పెన్‌డ్రైవ్ పెట్టుకునే వీలుండటమే దాన్ని కాపాడింది. ఫైలుకి ఆ నంబర్ల గొడవ లేదు.

అంతకు ముందు వీసీడీల రోజుల్లో ఒక్కో సీడీలో 80 నిమిషాలకు మించి పట్టేది కాదు. సినిమా చూస్తుంటే మధ్యలో లేచి రెండోది పెట్టాలి, ఒక్కోసారి మూడోది కూడా. డివ్ఎక్స్ వచ్చాక సినిమా మొత్తం 700 ఎంబీలో ఇమిడిపోయింది. దొడ్డమ్మ పెన్‌డ్రైవ్ నిండా పాత సినిమాలే. పక్కింటి కుర్రాళ్ళు ఎక్కించి ఇచ్చేవారు, ఆవిడ మధ్యాహ్నం పూట చూసుకునేది.

2010 సంక్రాంతికి అమెరికా నుంచి అన్నయ్య వచ్చాడు. దొడ్డమ్మకి ఒక్కగానొక్క కొడుకు. పెదనాన్న పోయాక రావడం అదే మొదలు. వదిన, పదేళ్ళ పాప కూడా వచ్చారు. కనుమ మర్నాడు పొద్దున్నే కెమెరా పట్టుకుని ఇల్లంతా తిరిగి వీడియో తీశాడు. వెళ్ళే ముందు పాప, నానమ్మ చూసుకుంటుందని, కెమెరాలో ఉన్నవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఆవిడ చేతిలో పెట్టింది. భోగి మంట, ముగ్గులు, హరిదాసు, ఆఖర్న ఇంటి ఫైలు.

ఆ ఇంటి గురించి చెప్పకపోతే కుదరదు. మండువా లోగిలి. నాలుగు వైపుల నుంచీ పెంకు కప్పు లోపలికి వాలి ఉంటుంది. వాన పడితే నాలుగు చూర్ల నీళ్ళూ ఇంటి నడిమధ్యన పడతాయి, చుట్టూ వసారాలో కూర్చుని ఆ వాన చూడొచ్చు. స్తంభాలు నున్నగా, పిల్లలు పట్టుకు తిరిగి తిరిగి ఒక ఎత్తు దాకా నల్లబడి ఉంటాయి. వెనక నుయ్యి, తులసికోట, ఆ వెనక పంట కాలవ గట్టు దాకా కొబ్బరి తోట. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ తోటల్ని పడగొట్టినప్పుడు వీధిలో సగం మంది ఆ మండువాలోనే తెల్లవార్లూ కూర్చున్నారు. పెంకులు లేచిపోయాయి గానీ వాసాలు కదల్లేదు. ఇలాంటి ఇళ్ళు ఇప్పుడు గోదావరి జిల్లాల్లో ఒక్కొక్కటే పోతున్నాయి. కలపకి రేటు కట్టి, విప్పి, లారీల్లో పట్టుకుపోతున్నారు. చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇంటి ఫైలు ప్లేయర్‌లో పెడితే పేరు కనిపించింది తప్ప బొమ్మ రాలేదు. కెమెరా తీసింది హెచ్.264లో. ఆ ప్లేయర్‌కి తెలిసింది ఎంపెగ్-4లో పాత రకం, డివ్ఎక్స్, ఎక్స్‌విడ్ లాంటివి. పైగా కెమెరాది హై డెఫినిషన్. ప్లేయర్ తాహతు 720 చుక్కల వెడల్పు, 576 చుక్కల ఎత్తు. రాజోలులో ఫోటో స్టూడియో కుర్రాడు కెమెరా ఫైళ్ళన్నిటినీ ఏవీఐలోకి మార్చి ఇచ్చాడు. బొమ్మ వచ్చింది. సౌండు రాలేదు.

ప్లేయర్ వెనక వైర్లేమో అని ఎలక్ట్రీషియన్ని పిలిచారు. పసుపు వైరు బొమ్మకి, ఎరుపూ తెలుపూ సౌండుకి. అన్నీ పీకి మళ్ళీ పెట్టాడు. సినిమా పెడితే పాటలు ఖంగుమంటున్నాయి, ఈ ఫైళ్ళే మూగవి.

కారణం నాకు తర్వాత తెలిసింది. ఏవీఐ అనేది కేరేజీ లాంటిది, ఒక గిన్నెలో బొమ్మ, ఇంకో గిన్నెలో సౌండు. స్టూడియో కుర్రాడు బొమ్మని ప్లేయర్‌కి సరిపడేట్టు మార్చి, సౌండుని కెమెరా ఇచ్చినట్టే ఏఏసీలో వదిలేశాడు. ఆ ప్లేయర్‌కి ఎంపీత్రీ వచ్చు, డాల్బీ వచ్చు, ఏఏసీ రాదు. సౌండు ఎక్కడికీ పోలేదు, ఆ ఫైల్లోనే ఉంది.

దొడ్డమ్మకి అదేం లోటనిపించలేదు. ఎవరొచ్చినా ముందు కాఫీ, తర్వాత ఆ ఫైలు. బొమ్మ నడుస్తుంటే పక్కన కూర్చుని అన్నయ్య మాటలన్నీ ఆవిడే చెప్పేది.

“ఇదిగో, వీధి గుమ్మం. ‘ఈ గడప మీద కూర్చోబెట్టే మా అమ్మ నాకు అన్నం పెట్టేది’ అంటున్నాడు.”

“ఈ స్తంభం దగ్గర ఆగాడా? ‘నాన్నగారు ఇక్కడే నాకు ఎక్కాలు చెప్పారు’ అంటున్నాడు.”

“తోట. తుపాను రాత్రి సంగతి చెబుతున్నాడు. ఆ రాత్రి వాడు నన్ను వదిలి కదల్లేదు.”

వినేవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఎవరో అడిగారు, “సౌండు లేదు కదండీ, మీకెలా తెలుసండీ?” అని. “వాడు తీస్తున్నంతసేపూ వెనకాలే ఉన్నానమ్మా. కావాలంటే చూడు, నా చెయ్యి కూడా పడింది” అంది. నిజమే. ఆఖర్న, నూతి దగ్గర, కుడి పక్క నుంచి కాఫీ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఒకటి తెర మీదికొస్తుంది. పాత మోస్తరు బంగారు గాజులు రెండు. అక్కడ మాత్రం బొమ్మ ఆపించేది. “‘ఈ కాఫీ కోసమే ఇంత దూరం వచ్చాను’ అన్నాడు” అని చెప్పి, మళ్ళీ నడిపించమనేది.

సౌండు బాగుచేయిస్తామంటే మాత్రం ఒప్పుకునేది కాదు. “బొమ్మ వస్తోంది కదా, ఉండనియ్యండి.” పెద్దావిడ, ఎవర్నీ ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక అలా అంటోందని అందరం అనుకున్నాం.

దసరా సెలవులకి కాకినాడ నుంచి మా బాబాయిగారబ్బాయి వచ్చాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఫైలు కంప్యూటర్లో పెట్టి సంగతి కనిపెట్టాడు. బొమ్మ జోలికి పోకుండా సౌండొక్కటీ ఎంపీత్రీలోకి మార్చాడు. దొడ్డమ్మకి చెప్పలేదు, ఒక్కసారిగా సంతోషపెడదామని. ఫైలు పాత పేరుతోనే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వీధిలోవాళ్ళని పిలిచాడు. ఆడవాళ్ళు చాపల మీద, మగవాళ్ళు అరుగు మీద. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

బొమ్మ మొదలైంది. దొడ్డమ్మ అలవాటు ప్రకారం, “ఇదిగో, వీధి గుమ్మం...” అంది.

అన్నయ్య గొంతు ఖంగుమని వచ్చింది.

“సార్, ఇది మెయిన్ ఎంట్రన్స్. తలుపులు, ద్వారబంధాలు అన్నీ బర్మా టేకు. ఇవి విప్పి విడిగా అమ్మినా మీకు మంచి రేటు వస్తుంది.”

దొడ్డమ్మ ఆగిపోయింది. మావాడు రిమోట్ పట్టుకుని నవ్వుతూ ఆవిడ వంక చూస్తున్నాడు, వాడికింకా తలకెక్కలేదు.

“స్తంభాలు చూడండి. పుచ్చు లేదు, చెద లేదు. కొట్టి చూపిస్తాను, వినండి.” టకటకమని చప్పుడు.

“ఇది తోట. తొంభయ్యారు తుపానుకి పాత చెట్లన్నీ పోయాయి. ఇవి తర్వాత వేసినవి, ఇప్పుడు మంచి కాపు మీదున్నాయి. కొట్టేసి ప్లాట్లు వేసుకున్నా ఇబ్బంది లేదు, రోడ్డు పక్కనే.”

అరుగు మీద ఎవరో చుట్ట ఆర్పారు. కెమెరా నూతి దగ్గరికొచ్చింది.

“రిజిస్ట్రేషన్ ఎప్పుడంటే అప్పుడు పెట్టుకుందాం సార్. ఇల్లు మీకు ఖాళీగానే అప్పగిస్తాం. అమ్మకి హైదరాబాద్‌లో ఒక హోమ్ చూశాను, అడ్వాన్సు కూడా కట్టేశాను. ఆవిడకింకా చెప్పలేదు. చెబితే కాదనదులెండి.”

కుడి పక్క నుంచి చెయ్యి తెర మీదికొచ్చింది. గాజులు చప్పుడయ్యాయి. గ్లాసు కొంచెం తొణికింది.

“అక్కడ పెట్టి వెళ్ళమ్మా.”

మావాడు కంగారుగా రిమోట్‌లో ఏదేదో నొక్కాడు. బొమ్మ ఆ చెయ్యి మీదే ఆగింది. చాపల మీది ఆడవాళ్ళలో ఒక్కరూ తలెత్తలేదు. దొడ్డమ్మ ఒక్కతే టీవీ వంక చూసి, వాడి వైపు తిరిగి, రోజూ మాట్లాడే గొంతుతోనే అడిగింది.

“ఒరే నాన్నా, దీనికి మళ్ళీ సౌండు రాకుండా చెయ్యడం వచ్చా నీకు?”